ఇంకో కడవ నీళ్ళు

బాన్ నాఖామ్ విహారం,
వర్షావాసం మొదటి వారం

ప్రియమైన అక్కా,

ఫోన్లన్నీ గురువుగారి బీరువాలో ఉన్నాయి. ఈ వర్షాకాలం వెళ్ళేదాకా అవి బయటికి రావు. అందుకే ఎన్నేళ్ళకో కలం పట్టాను. దస్తూరీ చూసి నవ్వకు.

నా దీక్షకు నువ్వు రాలేకపోయావు. చంటిదానికి జ్వరం తగ్గిందా? ఇక్కడ అంతా బాగా జరిగింది. అమ్మ మొదటి కత్తెర వేసింది, తర్వాత అత్తలు, ఆఖర్న సుమాలీ. నేను తెల్లబట్టలు కట్టుకుని, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి కూర్చున్నాను. గురువుగారు స్వయంగా కత్తి పట్టి గుండు గీశారు. నా మీద ఎంత దయో, "ఇంకో కడవ నీళ్ళు తెండి, ఇంకో కడవ" అని నెత్తిన పోయిస్తూనే ఉన్నారు. కనుబొమలు కూడా పోయాయి. వెంటనే స్నానం, కొత్త బట్టలు, మంత్రాలు. ఈ వర్షాకాలం సన్యాసిగా గడిపి ఇంటికొస్తే, ఊరి లెక్కలో నేనిక పచ్చివాణ్ణి కాను, పెళ్ళికి పనికొచ్చే పండినవాణ్ణి.

అసలు సంగతి ఇది కాదు. అక్కా, నాకు బట్టతల వస్తోంది. ఇరవై ఆరేళ్ళకే. ఏడాదిగా నడినెత్తి పలచబడుతోంది, దువ్వెన చూస్తే ఏడుపొస్తుంది. బజారులో దొరికే నల్లపొడి చల్లుకుని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. దీక్షనాడు అందరూ నెత్తి మీదికి వంగి కత్తిరిస్తారు కదా, అందుకని ఆ పొద్దున రోజూ కంటే దట్టంగా చల్లుకున్నాను. పుణ్యం కొద్దీ ఎవరూ కనిపెట్టలేదు.

నాన్నను పిల్లలు "గుమ్మడికాయ, గుమ్మడికాయ" అని వెంటపడటం నీకు గుర్తుండే ఉంటుంది. పోయినేడు వానల కోసం రాకెట్లు ఎగరేసే పండగలో బట్టతల పాటగాణ్ణి చూసి సుమాలీ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది. వరికోతలు కాగానే మా పెళ్ళి. ఈ గుండు ఉన్నంతకాలం నాకు బెంగ లేదు. దీక్ష దిగాక జుట్టు పెరుగుతుంది, అప్పుడు ఎక్కడ పెరగడం లేదో అందరికీ తెలుస్తుంది.

నువ్వు మందుల షాపులో పనిచేస్తావు. నిజంగా పనిచేసే మందేదో కనుక్కో. గుండు గీయిస్తే ఒత్తుగా వస్తుందని అత్త అంటోంది. పక్క గది సన్యాసి ఏదో నూనె ఉందంటున్నాడు. ఎవరిని నమ్మాలో తెలియడం లేదు. అమ్మకు చెప్పకు. సుమాలీకి అసలే చెప్పకు.

నీ తమ్ముడు,
వొరవిత్

---

ఖోన్‌కేన్

పూజ్యులైన సన్యాసి తమ్ముడుగారికి,

అక్కనైనా సరే మీకు నేనే దండం పెట్టాలి, 'మీరు' అనాలి. పెట్టాను, అన్నాను, అయిపోయింది. ఇప్పుడు నువ్వు విను.

చంటిదానికి తగ్గింది, ఇల్లు పీకి పందిరేస్తోంది. నీ ఉత్తరం చదివాక పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. "తల ఏదీ?" అంది. "విహారంలో ఉందండీ" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నవ్వింది. "తల చూడకుండా మందు రాసే డాక్టరు దొరికితే, అతని దగ్గరికి మాత్రం వెళ్ళొద్దని చెప్పు" అంది.

అయినా నేను వదల్లేదు. ఆవిడ చెప్పినంతా చెబుతున్నాను. గుండు గీస్తే ఒత్తుగా రాదు, పలచబడనూ పడదు. కత్తి పైన తిరుగుతుంది, కుదుళ్ళు లోపల ఉంటాయి. నాన్నకు ఉంది కాబట్టి నీకూ అదే అయి ఉండొచ్చు, కానీ వేరే కారణం ఏదైనా ఉందేమో చూడాలట. అదే అయితే తలకు రాసుకునే మందు ఉంది, మింగే మాత్ర ఉంది. మాత్ర అందరికీ పడదు, డాక్టరు చూసి ఇవ్వాల్సిందే. తొందరగా మొదలుపెడితే మంచిది. నెలల తరబడి ఓపిక పట్టాలి, మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఉన్నది నిలబడితే అదే గొప్ప. పోయిందంతా తిరిగి మొలిపిస్తానని ఎవరైనా ఒట్టు వేస్తే ఆ షాపు మెట్లు దిగి వచ్చెయ్యాలి. నేనూ షాపులోనే పనిచేస్తాను కాబట్టి చెబుతున్నాను, అలా ఒట్లు వేసే సీసాలు మా అలమరలోనూ ఉన్నాయి.

పేరు లేని నూనె జోలికి వెళ్ళావో, కాషాయం అని కూడా చూడను, చెవి మెలిపెడతాను. మీ బావ నెత్తి ఎలా ఉంటుందో నీకు తెలుసు. నేను చూసే చేసుకున్నాను. సుమాలీకి నువ్వే చెప్పు.

దండాలతో, తిట్లతో,
మీ అక్క ఒరథై

---

బాన్ నాఖామ్ విహారం

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికే ఆలస్యమైంది. ఆ నూనె రాసేశాను. చాప కింద దాచుకుని, అందరూ భిక్ష భోంచేశాక రాసుకునేవాణ్ణి. ముందు చల్లగా ఉండేది. తర్వాత మంట, ఆ తర్వాత ఎర్రటి పొక్కులు. పున్నమి ముందురోజు అందరికీ గుండు గీసే వేళ నా వంతు వచ్చింది. గురువుగారు కత్తి ఆపేశారు.

"ఏం రాశావురా?" అన్నారు.

"ఎండకు పేలిందండీ" అన్నాను.

బయట కుండపోతగా వాన కురుస్తోంది. ఆయన వానకేసి చూశారు, నాకేసి చూశారు. పొక్కులు తప్పించి మెల్లగా గీశారు. కాషాయం కట్టుకుని అబద్ధం ఆడాను, అక్కా. ఆ వేళ అన్నం సయించలేదు.

పొద్దున్నే భిక్షకు వెళ్తే సుమాలీ జిగురన్నం బుట్ట పట్టుకుని గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుంటుంది. మొదట్లో ఓరగా నవ్వేది. ఈమధ్య తల ఎత్తడం లేదు. కొంచెం పెరిగిన జుట్టులో నడినెత్తి ఖాళీ కనిపించి ఉంటుంది. ఇంకేం కారణం ఉంటుంది?

చివరికి నేను ఒక పని చేశాను. వర్షావాసం అయ్యాక దిగను, విహారంలోనే ఉండిపోతాను అని గురువుగారితో అన్నాను. "తొందరేముంది, ఆఖరి రోజున చెప్పు" అన్నారు. కానీ మాట అమ్మ చెవిన పడింది. అమ్మ ఆనందానికి అంతు లేదు, ఊరంతా చెప్పుకు తిరుగుతోంది. నన్ను చూసి ముసలివాళ్ళు ఇంకా వంగి దండం పెడుతున్నారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలని ఉంది. నేను ధర్మం కోసం ఉండడం లేదు, నెత్తి దాచుకోవడానికి ఉంటున్నాను. దిగితే సుమాలీ పోతుంది, ఉంటే నేను దొంగ సన్యాసిని. ఏం చెయ్యను?

నీ తమ్ముడు,
వొరవిత్

---

బాన్ నాఖామ్, మన ఇల్లు

ఒరేయ్ తమ్ముడూ,

మీరులు, పూజ్యులు తర్వాత. నీ ఉత్తరం చూసి షాపుకి సెలవు పెట్టి చంటిదాన్ని చంకనేసుకుని బస్సెక్కాను. ఇప్పుడు నువ్వు భిక్షకు వచ్చే వీధిలోనే కూర్చుని రాస్తున్నాను. ఆడదాన్ని, విహారంలో నిన్ను చాటుగా కూర్చోబెట్టి మాట్లాడే వీల్లేదు. ఈ ఉత్తరం గురువుగారికి అందేలా చూస్తాను, ఆయనే నీకు ఇస్తారు.

కూర్చున్నావా? కూర్చుని చదువు.

నీ దీక్షనాడు గురువుగారు నీ మీద దయతో కడవల కొద్దీ నీళ్ళు పోయించలేదు. మొదటి చెంబు పొయ్యగానే నీ నెత్తిమీంచి నల్లటి కాలువలు దిగాయట! చెవుల మీంచి, మెడ మీంచి, తెల్లబట్ట మీదికి. అది కడగడానికి ఆయన "ఇంకో కడవ, ఇంకో కడవ" అంటుంటే, కడవలు మోసి మోసి పెద్దమావయ్య నడుం పట్టేసింది. నువ్వేమో కళ్ళు మూసుకుని మహా భక్తిగా కూర్చున్నావు. ఊరంతా చూసింది, అమ్మా చూసింది. దీక్షకు వెళ్ళేవాడి మనసు ఆ పూట నొప్పిస్తే పుణ్యం పాడవుతుందని ఒక్కరూ నోరు మెదపలేదు. తర్వాతా ఎవరికి వారు మొహమాటపడి ఊరుకున్నారు. నిన్ను బాధపెట్టకూడదనే, పిచ్చివాడా.

ఆ తెల్లబట్ట ఉతికింది ఎవరనుకున్నావు? సుమాలీ.

నిన్న ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాను. పెళ్ళి పట్టుబట్ట మగ్గం మీద సగంలో ఆగిపోయి ఉంది. నన్ను చూడగానే "అక్కా, నా వల్లేనా? నాలో ఏం లోపం కనిపించింది?" అని ఏడ్చింది. నువ్వు దిగనంటున్నావని విన్నప్పటి నుంచీ నీ మొహం చూడలేకపోతోందట. నీ నెత్తి కాదురా! నీ రహస్యం నేను దాచలేకపోయాను, చెప్పేశాను. ఏడుపు ఆపి నోరు తెరిచి నన్నే చూసింది. "దానికోసమా? నాకు మొదట్నుంచీ తెలుసు కదక్కా" అంది. పండగలో పాటగాణ్ణి చూసి ఎందుకు నవ్వావని అడిగాను. చాలాసేపు గుర్తు చేసుకుంది. వాడు గంతులేస్తూ లుంగీ ఊడబోతే పట్టుకున్నాడట. అదీ సంగతి.

ధర్మం కోసం ఉంటానంటే నేనే నీకు దండం పెట్టి వెళ్తాను. నెత్తి కోసమైతే దిగిరా. ముందు గురువుగారికి ఆ ఎండ సంగతి నిజం చెప్పు.

నీ అక్క,
ఒరథై

---

బాన్ నాఖామ్,
కోతలకు ముందు

ప్రియమైన అక్కా,

ఇప్పుడు నీకు మళ్ళీ దండం పెట్టొచ్చు, పెడుతున్నాను.

గురువుగారికి అంతా చెప్పాను. "తెలుసురా. ఆ వానలో ఎండ ఎక్కడిదా అని నేనూ వెతికాను" అన్నారు. పైన మాత్రం నవ్వలేదు, లోపల నవ్వి ఉంటారు. చేసిన తప్పు ఒప్పుకోమన్నారు, ఒప్పుకున్నాను. అమ్మతో చెప్పడానికే ఎక్కువ భయపడ్డాను. కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత "మీ నాన్నది నీకంటే పెద్ద గుమ్మడికాయ. నేను వదిలేశానా?" అని చేపల పులుసు వడ్డించింది.

దీక్ష దిగిన రోజు కాషాయం విప్పాక కట్టుకోవడానికి ఇంటివాళ్ళు బట్టలు తేవాలి కదా. సుమాలీ ఒక చొక్కా పంపింది. చేత్తో కుట్టింది, ముదురు నీలం. తొడుక్కుని బయటికొచ్చాక, దగ్గరికొచ్చి మెల్లగా "అది ఏ బట్టో పోల్చుకున్నావా?" అని అడిగింది. నాకు తెలియలేదు. "నీ దీక్ష బట్టే. ఎంత ఉతికినా మచ్చ వదల్లేదు. ఇక దాంతో పోట్లాడటం ఎందుకని మొత్తం నీలిమందు కుండలో ముంచేశాను" అంది. చూసుకున్నాను. భుజం దగ్గర నీలం కాస్త చిక్కగా ఉంది. అక్కా, అందరి ముందూ ఏడ్చేశాను.

పొక్కులు మానాయి. మొన్న సుమాలీయే నన్ను పట్నం చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. నాకంటే ఎక్కువ ప్రశ్నలు అదే వేసింది. తలకు రాసుకునే మందు ఇచ్చాడు, మాత్ర సంగతి తర్వాత చూద్దామన్నాడు. మొదట్లో ఇంకొంచెం రాలినా కంగారు పడొద్దన్నాడు. మొలుస్తుందో లేదో ఆయనా ఒట్టు వెయ్యలేదు, అందుకే నమ్మకం కుదిరింది.

మగ్గం మళ్ళీ ఆడుతోంది. నల్లపొడి డబ్బా అమ్మ ఎప్పుడో పారేసింది. పెళ్ళికి బావను టోపీ లేకుండా తీసుకురా, ఫోటోలో నా పక్కన నిలబడాలి.

నీ తమ్ముడు,
వొరవిత్