బంతి ఆగే దారి

మార్చి 9, ఆదివారం మధ్యాహ్నం

మావయ్యకు,

మేనల్లుడి నమస్కారాలు. నువ్వూ అత్తయ్యా కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. ఇక్కడ అమ్మకు మోకాలి నొప్పి తగ్గలేదు, మిల్లు డ్యూటీ మానలేదు. నాకు వెల్డింగ్ షాపులో పని పెరిగింది, దాంతోపాటు ఓనరు నోరూ పెరిగింది. కుశలప్రశ్నలు ఇంతటితో సరి. ఒళ్ళు మండిపోయి రాస్తున్నాను. ఫోన్లో క్లబ్బు మాట ఎత్తగానే పెట్టేస్తావు. ఉత్తరమైతే చించేముందు కాస్తయినా చదువుతావు.

మన క్రికెట్ క్లబ్బుకు యాభై ఏళ్ళు నిండుతున్నాయి. నీతో ఓపెనింగ్ దిగిన కళ్ళజోడే ఇప్పుడు సెక్రటరీ. క్లబ్బు చరిత్ర అని పుస్తకం వేయించాడు. లోకమంతా పిచ్ ఉత్తర దక్షిణాలుగా వేస్తే మనవాళ్ళు తెలియక తూర్పు పడమరలుగా వేశారట. సాయంత్రం బ్యాట్స్‌మన్ కళ్ళలో ఎండ కొడుతుందని ఆ మిల్లు కూలీలకు తట్టలేదట.

సూర్యుడు ఎటు దిగుతాడో, ఆ కూలీల్లో ఒకడైన తాతయ్యకు ఒకరు చెప్పాలా? బాయిలర్ బూడిద పారబోసే దిబ్బను వాళ్ళే చదును చేశారు. ఇప్పటికీ డైవ్ కొడితే మోకాలు నల్లగా లేస్తుంది. బయటి జట్లు మనల్ని నల్లమోకాళ్ళు అని పిలిచేది అందుకే. ఆ స్థలం మధ్యలోంచే ఉత్తరాన క్వార్టర్స్ నుంచి దక్షిణాన మిల్లు గేటుకు ఆడవాళ్ళు డ్యూటీకి నడిచేవారు. పిచ్ సరైన దిక్కుకు వేస్తే ఆ దారి పోతుంది. అందుకని పిచ్‌నే అడ్డం తిప్పారు. ఎండ బాధ మేం పడతాం, మీరు నడవండి అన్నారు. ఇది చరిత్ర. పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

పడమటి వైపు బౌలర్ పరుగుకు ఆ దారి అడ్డంగా పోతుంది కదా, ఎవరైనా అందులోకి వస్తే కీపర్ "దారి" అని కేక వేయాలి, బౌలర్ ఎక్కడివాడక్కడ ఆగాలి. నడిచేవాళ్ళు పరిగెత్తకూడదు, అదీ రూలే. కొత్త జట్లు మొదట్లో నవ్వుతాయి. రెండో ఆటకల్లా వాళ్ళే ఆగుతారు.

ఇప్పుడు లీగ్ వాళ్ళు పిచ్ తిప్పి చుట్టూ గోడ కడితేనే మన గ్రౌండ్‌లో మ్యాచులు పెడతామన్నారు. కళ్ళజోడు సరే అన్నాడు. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో తేల్చేస్తారు. గోడ లేస్తే ఆడవాళ్ళు లారీల రోడ్డు మీదుగా పోవాలి. పోయిన నెల దారిలో నీళ్ళు నిలిచాయని అమ్మతో ప్యాకింగ్‌లో పనిచేసే అక్క అటు పోయింది. లారీ ఆమె పాదం మీదుగా పోయింది, ఇంకా మంచం మీదే ఉంది. రేపు అమ్మ ఆ మోకాలితో అక్కడే నడవాలి.

నిన్న కమిటీలో లేచి ఇదంతా అడిగాను. కళ్ళజోడు తాపీగా, ఆ దారి బౌల్డ్ అయినవాళ్ళు దాక్కునే చాటు అన్నాడు. నీకు బౌల్డ్ ఇచ్చిన ఆ పాత ఫైనల్ సంగతి ఎత్తాడు. నేను ఊరుకోలేదు. "అమ్మ క్యారేజీ పట్టుకుని దారిలో నడుస్తోంది. అందుకే మా మావయ్య పక్కకు తప్పుకున్నాడు. అవతలి కీపర్ కేక వేయలేదు సరే, ముందే అవుటై మన జట్టు తరఫున అంపైర్‌గా నిలబడినవాడివి, నువ్వే సొంత స్నేహితుడికి అవుటని వేలెత్తావు" అన్నాను. అతను అద్దాలు తుడుచుకుంటూ, దారిలో ఎవరూ లేరు, నేను చూశాను అన్నాడు. కాలర్ పట్టుకునేవాణ్ణే. నలుగురూ పట్టి బయటకు లాగారు.

నీకు జీవిత సభ్యత్వం ఉంది. పాతవాళ్ళు నీ మాటకు ఇంకా విలువిస్తారు. ఎక్కడో సైకిల్ షాపులో కూర్చుని అలిగితే అమ్మకు దారి రాదు. ఆదివారం రా. వాడి మొహం మీదే చెప్పు.

ఇట్లు,
కోపంతోనే అయినా ప్రేమతో,
నీ మేనల్లుడు

తా.క.: కవరు అంటించేముందు ఇది అమ్మకు చదివి వినిపించాను. ఫైనల్ దగ్గరికొచ్చేసరికి చిక్కుడుకాయలు ఒలుస్తున్న చెయ్యి ఆగింది. "నేను అప్పటికే దాటేశానురా. మిల్లు గోడ పక్క కుళాయి దగ్గర గిన్నె కడుక్కుంటున్నా. అన్నయ్య అవుటే" అంది. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అరిచాను. "అన్నయ్య అందరి ముందూ నా పేరు చెప్పేశాడు. నన్నెవరూ అడగలేదు" అంది.

ఉత్తరం చించబోయాను. అమ్మ లాక్కుంది. నీ అబద్ధం వల్లే ఆ దారి అబద్ధమైపోయిందట. స్నేహితుణ్ణి మోసగాడన్నావు, అతను ఆ కోపమంతా దారి మీద తీర్చుకుంటున్నాడట. గోడ ఆపగలిగేది నువ్వొక్కడివేనట.

అందుకని పైన రాసింది మార్చడం లేదు. ఆదివారం రా. వాడి మొహం మీదే చెప్పు. అవుటయ్యానని చెప్పు.