చిత్రిక మీద బొటనవేలి గుంట

తాతయ్యకు, చేతులనిండా పొట్టుతో నమస్కారాలు.

మీ పాత చిత్రికను వడ్రంగం క్లాసుకు తీసుకెళ్లాను. మాస్టారు అటూ ఇటూ తిప్పి చూసి, పొయ్యిలోకి పనికొస్తుందన్నారు. నాకు రోషం వచ్చింది. గరుకు కాగితం మీద రుద్ది అడుగు చదును చేశాను, బ్లేడు సానపట్టాను. అయినా అది చెక్కను కొరుకుతోందే తప్ప నునుపు చేయడం లేదు. ఏం చెయ్యాలి?

మీ మనవరాలు

తా.క. వెనకవైపు, కుడి పక్కన చిన్న గుంట ఉంది. అదేమిటి?

*

మనవరాలికి ఆశీస్సులు.

కళ్లజోడు రిపేరుకిచ్చాను. నేను చెబుతుంటే మీ అమ్మమ్మ రాస్తోంది. ఆ గుంట నలభై ఏళ్లు నా బొటనవేలు ఆనిన చోటు. ఈ వీధిలో ఏ బల్ల తడిమినా నా పనితనమే. బ్లేడు తలమీద గట్టిగా ఒక్కటివ్వు, దారికొస్తుంది. ఇదిగో పందెం. ఈ ఉత్తరం మీద పరిచి చదవగలిగేంత పల్చటి పొర తీసి పంపితే చిత్రిక నీది. లేదంటే తిరిగి పంపెయ్, అటక మీద మర్యాదగా ఉంటుంది.

తాతయ్య

తా.క. తలమీద కొట్టకు. చిత్రిక వెనక మెల్లగా తట్టు. బ్లేడు వెంట్రుకవాసి లోపలికి పోతుంది.

*

తాతయ్యకు అయోమయ నమస్కారాలు.

పైన కొట్టమన్నారు, కింద వద్దన్నారు. ‘వెంట్రుకవాసి’ని మురిసిపోతూ నోట్‌బుక్కులో రాసుకుని, పెద్దమాటకు విలువిచ్చి కొట్టాను. చిత్రిక చెక్కలో దిగబడి ఆగిపోయింది. నేను ఆగలేదు, బల్లకు అవతల లేచాను. మాస్టారు గోడవైపు తిరిగి నవ్వుకున్నారు. ఇంకో సందేహం. నా కుడి బొటనవేలు ఎడమ పక్కకే వస్తోంది. గుంటేమో కుడి పక్కన. మీరెలా పట్టుకునేవారు?

మీ మనవరాలు

తా.క. గుంట చిన్నది. మీ బొటనవేలు తలుపు గడియంత కదా?

*

మనవరాలికి,

కొట్టొద్దని నేనెప్పుడన్నాను? నా బొటనవేలు ఎక్కడుండేదో నాకే చెబుతున్నావా? చిత్రికను వెనకముందు చేసి పట్టుకుని ఉంటావు. ఇంకో దెబ్బ వెయ్యి.

తాతయ్య

తా.క. వెనక తట్టి, ఎడమచేత్తో పట్టి చూడు. ఈ మాట జవాబులో ఎత్తకు.

*

తాతయ్యకు, అమ్మమ్మకు నమస్కారాలు.

ఈసారి కింద ఉన్న మాట విన్నాను. బొటనవేలు గుంటలో ఒదిగింది. చిత్రిక ఒక్క ఊపున బల్ల చివరిదాకా పోయింది. మీ పందెం ఉత్తరంతో పాటు పొర జతచేశాను. మాస్టారు దాన్ని కిటికీకి పట్టి చూసి, చిత్రిక ఒకసారి ఇమ్మన్నారు. ఇవ్వలేదు.

మీ మనవరాలు

తా.క. అమ్మమ్మా, కత్తెర ఏ చేత్తో పడతావు?

*

బంగారూ,

ఎడమచేత్తోనే. తాతయ్య అతుకులన్నీ వేసి, భోంచేసి నిద్రపోయేవారు. ఆ గంటసేపు నేను చిత్రిక పట్టేదాన్ని. లేచి బల్ల తడిమి, “పొద్దున ఎంత బాగా పట్టానో చూశావా” అనేవారు. ఆ సంతోషం పాడుచెయ్యబుద్ధి కాలేదు. నీ పొర కింద ఆ పందెం ఉత్తరం పరిచాను, ప్రతి అక్షరం కనిపించింది. చిత్రిక నీదే. ఆయనకు మాత్రం చెప్పకు.

అమ్మమ్మ

తా.క. కళ్లజోడు వచ్చింది. ఇది రాస్తున్నది నేను, తాతయ్యను. నలభై ఏళ్లలో ఒక్క మధ్యాహ్నం కూడా నిద్రపోలేదు. నేను కళ్లు తెరిస్తే ఆపేస్తుందని, ఆ చప్పుడు వింటూ పడుకునేవాణ్ణి. ఇప్పుడు కవరు అంటించకుండా నా ఎదురుగా కుర్చీలో నిద్రపోతోంది. నిద్రేనంటావా?