నా మెడకి మీ జవాబులు

ఏవండీ,

పప్పు చేసి ఉంచాను, అన్నం మీరు వండుకోండి. ఆరిన బట్టలు తీసి మడతపెట్టండి. నేను గచ్చిబౌలిలో ఫిజియో దగ్గరికి వెళ్తున్నాను.

నిన్న నేను గిన్నెలు తోముతుంటే, క్లినిక్ వాళ్లు నా ఫోన్‌కి పంపిన మెడనొప్పి ప్రశ్నలకి మీరే జవాబులు నొక్కేశారు. ఇంటిపనికి ఇబ్బంది లేదట, నిద్ర బాగా పడుతోందట. అది చూసి ఫిజియో అమ్మాయి పొద్దున్నే ఫోన్ చేసింది: "నొప్పి మొత్తం తగ్గిందంట కదక్కా, ఇగ రావుడు బంద్ జేస్తరా?"

చెయ్యనన్నాను. పని ఆగకపోతే నొప్పి లేనట్టేనా? గురకపెట్టే మీకు నా నిద్ర సంగతేం తెలుసు? ఆ జవాబులు తీయించి, నావి నేనే చెప్పి వస్తాను.

ఉదయశ్రీ

అన్నట్టు, బియ్యం డబ్బా పైఅరలో ఉంది. దించుకోండి. మీకేమీ ఇబ్బంది కలగలేదని నేను రాసేస్తాను.