అరచేతికి అందని తుప్పు

అక్కకు,

నువ్వు బాగున్నావని రాశావు, బావ బాగా లేడని రాశావు. రెండోది నమ్మాను, మొదటిది నమ్మలేదు. ఈ ఉత్తరం మాత్రం బావకు చదివి వినిపించకు. ఎవరు రాశారని అడిగితే నోటికొచ్చింది చెప్పు.

నీ ఉత్తరం నాకు కంఠతా వచ్చేసింది. ఆపరేషన్ తర్వాత ఆశ పెట్టుకోవద్దని డాక్టర్లు అన్నారు. కళ్లు పూర్తిగా పోయినప్పుడు కూడా డీలా పడని మనిషి ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. నన్ను చూడాలని ఉందట. కానీ ముందు నేను ఒప్పుకోవాలట. "ఆ లప్పం నేనే పెట్టాను బావా అని వాడు ఒక్కసారి అంటే చాలు, వెంటనే రమ్మను" అన్నాడని రాశావు. చివర్లో నువ్వు కూడా "ఒక్క మాటే కదరా" అన్నావు. పద్దెనిమిదేళ్లుగా ఆ ఒక్క మాటే అక్కా, నన్ను మీ ఇంటికి రానివ్వలేదు. చెయ్యని పని చేశానని ఎలా అనను?

ఆ రోజు జరిగింది నీకు తెలియనిది కాదు. లాయరు గారి నల్ల కారు, బావ పాత కార్లు బాగుచేసే మన షెడ్డులో కొత్త రూపు తెచ్చుకుని వెళ్లిన ఏడాదికే తిరిగొచ్చింది. తలుపు కింద రంగు పొంగి పెళ్లలుగా ఊడుతోంది. లోపల తుప్పు కన్నాలు, వాటిని పూడ్చిన లప్పం పిండి. తుప్పు పట్టిన రేకు కోసి పారేసి కొత్త రేకు అతికే ఓపిక లేనివాడు చేసే పని అది. ఆ కారు పనిలో తన పక్కన ఉన్నది నేనే కాబట్టి బావ ఆ లప్పం గోటితో గీకి నా చొక్కాకు పూసి, "దొంగ చేతులకు నా సుత్తి ఇవ్వను, పోరా" అన్నాడు. పనివాళ్లందరి ముందూ, లాయరు గారి ముందూ. నువ్వు వంటింటి గుమ్మంలో నిలబడి చూశావు, ఒక్క ముక్క మాట్లాడలేదు. బావకు కోపం ముక్కు మీదే ఉంటుంది కదా, భయపడ్డావనుకున్నాను.

సరే, అసలు సంగతికి వస్తాను. పోయిన నెల రిటైరైన హెడ్ నర్సు ఒకావిడ నా షెడ్డుకు పాత ఆకుపచ్చ కారు తెచ్చింది. ఆ కారు నాకంటే వయసులో పెద్దది. "ఇన్నేళ్లూ రోగుల వెనక పరిగెత్తానయ్యా, ఇక దీన్లో కూర్చుని ఒక్కదాన్నే ఊళ్లు తిరుగుతా. తొందరగా చేసివ్వు, నాకేమీ వయసు తగ్గట్లేదు" అంది. చుట్టూ తిరిగి చూస్తుంటే నా చెయ్యి తలుపు అంచు దగ్గర ఆగిపోయింది. రేకు లోపలికి మడిచి, మడత మీద బియ్యపు గింజలంత దెబ్బలు వరసగా కొట్టి ఉన్నాయి. అలా కొట్టేవాడు బావ ఒక్కడే. నా కళ్లలో నీళ్లు తిరిగాయంటే నవ్వకు.

అక్కడే తప్పు చేశాను. పాత కారు ఏది వచ్చినా ముందు అయస్కాంతం పెట్టి చూస్తాను. రేకుకు అంటుకుంటుంది, లప్పానికి అంటుకోదు. కానీ బావ అయస్కాంతాన్ని షెడ్డు గడప తొక్కనిచ్చేవాడు కాదు కదా. కళ్లు మూసుకుని కారంతా అరచేత్తో తడిమి, "నా చేతికి తెలియంది ఆ ముక్కకేం తెలుస్తుందిరా" అనేవాడు. ఆయన పని మీద దాన్ని పెట్టి చూడటం ఆయన్ని అనుమానించడమే అనిపించింది. తలుపుల కింద పొడుగునా ఉండే రేకు పెట్టె మీదే కదా కారు నడుం నిలబడేది. అది గట్టిగా ఉంటుందని నమ్మి, ఇనప గొట్టాలతో ఆసరా కట్టకుండానే నేల రేకు కోసేశాను. చప్పుడైంది. కారు మధ్యలో కుంగిపోయింది. నాలుగు తలుపుల్లో ఒక్కటీ ఇప్పుడు మూసుకోదు. ఆ పెట్టెలో రేకు లేదక్కా. తుప్పు పొడి ఉంది, వేలి మందాన లప్పం ఉంది, అది పడిపోకుండా వెనక కుక్కిన గుడ్డ ఉంది.

నన్ను దొంగ అన్నవాడే దొంగపని చేశాడనుకున్నాను. సంతోషించాలి కదా, ఏడుపొచ్చింది. తర్వాత ఆ గుడ్డ లాగి విదిలిస్తే నీలం గళ్లు కనిపించాయి. అది మీ వంటింటి కిటికీ తెర. ఈ కారు మీ షెడ్డుకు వచ్చింది నేను వెళ్లిపోయిన రెండేళ్లకని నర్సమ్మ చెప్పింది. లప్పం ఆరకముందు నొక్కిన వేళ్ల గుంటలు లోపలివైపు అలాగే ఉన్నాయి. బావ వేళ్లు అరటిపళ్లంత ఉంటాయి. ఈ గుంటల్లో నా చిటికెన వేలు కూడా పట్టలేదు.

ఎవరివో నువ్వే చెప్పు.

నీ తమ్ముడు


తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కాగితం చప్పుడు విని బావ "ఏంటే అది?" అన్నాడు. కరెంటు వాళ్ల కాగితం అన్నాను. "అన్నిసార్లు తిరగేస్తున్నావు, కరెంటు కనిపెట్టింది నువ్వేనా?" అని నవ్వాడు. వారం రోజుల తర్వాత నవ్వాడు.

ఆ వేళ్లు నావేరా. లాయరు గారి నల్ల కారులో ఉన్నవీ నావే.

నువ్వు వెళ్లడానికి మూడేళ్ల ముందే ఆయనకు చూపు తగ్గడం మొదలైంది. రంగులు తెలిసేవి, మనుషులు తెలిసేవారు. సూదిమొనంత కన్నాలు కనిపించేవి కావు. ఆ సంగతి ఆయనకు తెలుసో, తెలిసీ ఒప్పుకోలేదో నాకు ఇప్పటికీ తెలియదు. మధ్యాహ్నం తిని కునుకు తీసే అరగంటలో నేను షెడ్డులోకి వెళ్లేదాన్ని. ఆయన వదిలేసిన చోటల్లా లప్పం పెట్టి, ఉప్పుకాయితంతో రుద్ది మైనంలా చేసేదాన్ని. ఆయన లేచి కళ్లు మూసుకుని చెయ్యి పెట్టి, "అద్దంలా ఉంది" అని మురిసిపోయేవాడు. ఆ మాట వినడానికే చేశాను. రేకు కోసి అతకడం నాకు రాదు. పిండి పిసికిన చేతులు కాబట్టి లప్పం పెట్టడం వచ్చింది.

ఆ రోజు ఆయన నీ చొక్కాకు లప్పం పూస్తుంటే, వేరే కారుకు పెట్టిన లప్పం నా గోళ్లలో ఇంకా ఆరలేదు. నోరు తెరిస్తే ఆయన కళ్ల సంగతి బయటపడుతుంది, షెడ్డు మూతపడుతుంది. నువ్వు కుర్రవాడివి, ఎక్కడైనా బతుకుతావనుకున్నాను. ఇద్దరిలో ఒకరిని వదులుకోవాల్సి వచ్చి నిన్ను వదులుకున్నాను. ఒక్క మాటే కదరా అని మొన్న నీకు రాసినప్పుడు కూడా నేను వెనకాడలేదు. అలవాటైపోయింది. క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

నువ్వు వెళ్లాక ఇంకో నాలుగేళ్లు అదే పని చేశాను. ఎన్ని కార్లో గుర్తులేదు. ఏ కారు ఎవరిదో ఆయనకే తెలుసు, రంగుతో సహా చెబుతాడు. ఆ కార్లలో జనం ఎక్కి కూర్చుంటున్నారు కదరా, పిల్లల్ని కూర్చోబెట్టుకుంటున్నారు.

ఆయనకు చెప్పేయనా? నిన్న ఉన్నట్టుండి, "కళ్లు పోతే పోయాయి గానీ, నా చేతి కింద నుంచి తుప్పు ఎప్పుడూ దాటిపోలేదే. నాకు మిగిలింది అదొక్కటే" అన్నాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఇక నువ్వు ఎలా అంటే అలా. నువ్వు ఏం రాసి పంపినా, ఒక్క అక్షరం మార్చకుండా ఆయనకు చదివి వినిపిస్తాను.

అక్కనని రాసుకోవచ్చో లేదో తెలియని,
అక్క


బావా,

అక్క చదువుతుంటే వింటున్నావు కదా. దిండు కాస్త ఎత్తుగా పెట్టించుకుని విను.

ఆ లప్పం నేనే పెట్టాను బావా. మధ్యాహ్నం నువ్వు కునుకు తీసే అరగంటలో పెట్టాను. ఉప్పుకాయితంతో రుద్ది మైనంలా చేశాను. నువ్వు చెయ్యి పెట్టి అద్దంలా ఉందంటే, ఆ మాట వినడానికే చేశాను. నిన్ను మోసం చేయాలని కాదు. ఇన్నేళ్లూ ఒప్పుకోకపోవడం మాత్రం మోసమే. నన్ను గెంటినందుకు కోపం పోయిందని రాయలేను, పోలేదు.

నాకొక పని చేసిపెట్టు. నేను ఉన్నప్పటి కార్లు నాకే తెలుసు. నేను వెళ్లిపోయాక నువ్వు చేసిన కార్లన్నీ నీకు గుర్తుంటాయి. ఎవరి కారు, ఏ రంగు, ఎక్కడుంటారు, ఒక్కొక్కటీ చెప్పు, అక్క రాస్తుంది. నీ చేతి పని పాడవకుండా అన్నిటినీ ఒకసారి కిందా మీదా చూసి పెట్టాలని ఉంది. ఎన్ని దొరుకుతాయో తెలియదు. సగం చేతులు మారి ఉంటాయి, కొందరు తలుపు కూడా తీయరు. తొందరగా చెప్పు.

హెడ్ నర్సు గారి ఆకుపచ్చ కారు నా దగ్గరికే వచ్చింది. దాన్ని నేనే పాడుచేశాను. ఆసరా కట్టకుండా నేల కోసి నడుం విరగ్గొట్టాను. ఎలా చూసినా నిలబడలేదు, తుక్కుకు పంపేశాను. నర్సమ్మ పక్క అద్దం ఒకటి విప్పించుకుని, సంచిలో వేసుకుని బస్సెక్కింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఒప్పుకుంటే రమ్మన్నావు. నేను రాను బావా. నీ మంచం పక్కన కూర్చుంటే నా నోటి మీద నాకే నమ్మకం లేదు. సిగ్గు అనుకో. పన్నెండేళ్లు నీ దగ్గర పని నేర్చుకున్నాను, నువ్వు పోయే ముందు చూడకుండా ఉండిపోతున్నాను. ఇది నా బతుకంతా నన్ను తింటుంది, తెలుసు.

అక్క మధ్యలో ఎక్కడైనా ఆగిందా? ఆగితే ఆ ముక్క మళ్లీ మొదటి నుంచి చదివించుకో. ఒప్పుకున్నదంతా నువ్వు ఆమె నోటి నుంచి పూర్తిగా వినాలి.

ఆ లప్పం పెట్టినవాడు,
నీ బావమరిది