పాయింట్ ఐదు ఎనిమిది

మార్చి 4
చెక్కమెట్లు చేసే వర్క్‌షాపులో నాది ఒకటే పని. ఇంజనీరు డ్రాయింగ్‌లో కొలతలు పాయింట్లతో వస్తాయి. అక్కడే వడ్రంగి పని చేసే మా పెదనాన్న టేపు మీద అంగుళానికి పదహారు గీతలు. పాయింట్ తర్వాతి భాగాన్ని పదహారుతో గుణించి, దగ్గరి గీతకి సర్ది, భిన్నంగా చీటీ మీద రాసిస్తాను. 0.75 అంటే పన్నెండు గీతలు, 3/4. పెదనాన్న ముప్పావు అని చదువుకుంటారు. పాయింట్లంటే ఆయనకి ఒళ్ళుమంట.

మార్చి 11
0.38ని గుణిస్తే 3/8 వచ్చింది. అంకెలు అవే. ఇలాంటివి గుణించకుండానే రాసేయొచ్చన్నమాట. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మార్చి 12
మొదట్లో పెదనాన్న చీటీలోని మెట్టు ఎత్తుని టేపు మీద అన్ని మెట్లకీ కొలుచుకుంటూ పోయి, డ్రాయింగ్‌లోని మొత్తం ఎత్తుతో సరిచూసుకునేవారు. ఏడాదిగా ఒక్క తప్పూ దొరకలేదట. ఇక నీ చీటీ ఉంటే నేను మళ్ళీ కొలవనమ్మా అన్నారు. పెద్దమ్మకి కూడా చెప్పుకున్నారట. రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మార్చి 19
పదహారు మెట్లు. మెట్టు ఎత్తు 6.58. చీటీ మీద 6 5/8 అని రాశాను. లంచ్ టైమైంది.

మార్చి 26, సాయంత్రం
మెట్లు బిగించారు. పైన నేలకి కలవలేదు. ముప్పావు అంగుళం లేచాయి.
పెదనాన్న కళ్ళు పోయాయన్నాడు ఓనరు. టేపు గీతలు కనబడని మనిషి రంపం పట్టకూడదన్నాడు. ఒకటో తారీఖు నుంచి రావద్దన్నాడు. పెదనాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మార్చి 27, పొద్దున్న ఆరు
0.58 × 16 = 9.28. తొమ్మిది గీతలు. 9/16.
నేను గుణించకుండా రాసిన 5/8 అంటే పది గీతలు. మెట్టుకి గీత కూడా లేని తేడా. పదహారు మెట్లకి దాదాపు ముప్పావు అంగుళం.

మార్చి 27, సాయంత్రం
ఎవరికీ చెప్పలేదు.

మార్చి 28
పెద్దమ్మ ఫోన్ చేసింది. పెదనాన్న కిటికీ దగ్గర టేపు చాచుకుని గీతలు లెక్కపెడుతున్నారట. లెక్క సరిగ్గానే వస్తోందట, అయినా మళ్ళీ మొదలెడుతున్నారట. కళ్ళ డాక్టరుకి చూపిద్దామా అని అడిగింది. చూద్దాం పెద్దమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

మార్చి 29
చీటీ ఇంకా ఆయన బల్ల మేకుకే గుచ్చి ఉంది. తీసుకెళ్ళి ఓనరు ముందు పెట్టి, పక్కనే గుణకారం చేసి చూపించాను. మరి ఆయన నోరెందుకు విప్పలేదన్నాడు. చీటీ కరెక్టే, తప్పు తన కళ్ళదేననుకున్నారు అన్నాను. ఇంకో తప్పు జరిగితే నన్ను ఇంటికి పంపుతానన్నాడు. పెదనాన్నకి తనే ఫోన్ చేసి, ఒకటో తారీఖున రమ్మన్నాడు.

ఏప్రిల్ 1
పెదనాన్న వచ్చారు. టీ తాగావా అని అడిగారు.
కొత్త చీటీ ఇచ్చాను. 7 3/16. చదివారు. మేకుకి గుచ్చారు. డ్రాయింగ్ అడిగి తీసుకున్నారు.
తర్వాత టేపు తీసి, ఒక్కో మెట్టూ కలుపుకుంటూ మొత్తం ఎత్తు కొలిచారు.