దిష్టి తగలని పెరడు

అజ్రూ కొండ కింద, మన ఇల్లు
9 మార్చి 1991

తమ్ముడు ఇదీర్‌కి,

అక్క ఇట్టో దీవించి రాస్తున్నది. పటాలంలో ఎండలు ముదిరాయో లేదో, వేళకు తింటున్నావో లేదో, ఇవన్నీ తీరిగ్గా అడగాలనే ఉంది. కానీ మనసు మనసులో లేదు. నీ గుర్రం తిజీరికి ఒంట్లో బాగాలేదు.

నువ్వు కంగారు పడకు, నేను పడుతున్నది ఇద్దరికీ సరిపోతుంది. కొన్నాళ్ళుగా మేత సరిగా ముట్టడం లేదు. ముందు కాలితో నేల తవ్వుతుంది, తల తిప్పి తన డొక్క చూసుకుంటుంది, పడుకుంటుంది, లేస్తుంది. దాంతోపాటు నేనూ లేస్తూ కూర్చుంటూ ఉన్నాను. పొయ్యి మీద రొట్టె మాడిపోయింది కూడా.

పక్కింటి మిమూన్ మామ వచ్చాడు. జాతరలో దేవుడి పేరు తలవకుండా దీన్ని పొగిడి దిష్టి పెట్టాడని నువ్వు ఇప్పటికీ పళ్ళు నూరుతావే, ఆయనే. చువ్వ కాల్చి పొట్ట మీద వాత పెడితే తగ్గుతుందన్నాడు. ముందు నీ పొట్ట మీద పెట్టుకుని చూపించు మామా అన్నాను. అలిగి వెళ్ళిపోయాడు.

సంతకు వచ్చిన పశువుల డాక్టరమ్మను బతిమాలి తీసుకొచ్చాను. పొట్టలోకి సూది గుచ్చి నీళ్ళు తీసింది. తేటగా ఉండాల్సినవి, బియ్యం కడిగిన నీళ్ళలా వచ్చాయి. పేగులకు నెత్తురు మోసే నాళాల్లో పురుగులు చేరాయట, పేగు దెబ్బతిని పొట్ట లోపలి పొర వాచిందట. మందులిచ్చి, దీన్ని ఎక్కడ మేపుతున్నావని అడిగింది. పెరట్లోనే, గోడ చాటున, దిష్టి తగలకుండా ఏడాదిగా గుమ్మం దాటనివ్వలేదని కాస్త గొప్పగానే చెప్పాను.

ఆవిడ వంగి, లద్దె పక్కన మొలిచిన గడ్డి పీకి చూపించింది. "అక్కా, లద్దెలోంచి పురుగు పిల్లలు ఈ గడ్డెక్కుతాయి. అదే ఇది మళ్ళీ మళ్ళీ తింటోంది. ఊళ్ళోవాళ్ళ కళ్ళు దీన్నేం చెయ్యలేదు, మీ గోడే చేసింది" అంది.

నాకు ఒళ్ళు మండింది ఇదీర్. ఆవిడ మీదో, నీ మీదో, నా మీదో తెలియదు. ఎంత అపురూపంగా దాచుకున్నాం దీన్ని!

బతుకుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనంది. బతకాలంటే మాత్రం ఈ పెరటి గడ్డి ముట్టకూడదు, కొండ మీది బీడుకు తోలమంది. అంటే మిమూన్ మామతో సహా ఊరంతా చూస్తుంది. గుర్రం నీది. నువ్వు సరేనంటేనే గుమ్మం దాటిస్తాను. వెంటనే జవాబు రాయి.

నీ అక్క,
ఇట్టో

తా.క.: పైన అడిగింది మర్యాదకే. తిజీరిని నిన్ననే బీడుకు తీసుకొచ్చేశాను, దాని పక్కనే రాయి మీద కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. వచ్చేపోయేవాళ్ళంతా నిలబడి చూస్తున్నారు, చూడనీ. ఇప్పుడే నాలుగు పోచలు కొరికి నమిలింది. రేపటి సంగతి నాకు తెలియదు. నువ్వు వద్దని రాసినా దీన్ని వెనక్కి తోలుకెళ్ళడానికి చోటు లేదు. పెరడంతా దున్నించి ఉల్లినారు నాటేశాను.