అడవిలో దొరికిన అమ్మ

శిక్షణ శిబిరం,
మిస్సోరి అడవులు,
సెప్టెంబరు, ఆదివారం.

ప్రియమైన అమ్మమ్మకు,

నీ మనవరాలు ట్వైలా, దాని మొగుడు రాయిస్ చెప్పుకునే వందనాలు.

మేం క్షేమం. మిషనరీ శిక్షణ అంటే బల్లలూ నల్లబోర్డూ ఉంటాయనుకున్నాం. చూస్తే అడవి మధ్యన రేకు కప్పిన గుడిసె. కరెంటు లేదు, కుళాయి లేదు. వాగు నుంచి నీళ్ళు మోయడం రాయిస్ పని. రెండు బకెట్లతో వెళ్ళి, ఒక బకెట్టు నీళ్ళతోనూ తడిసిన బూట్లతోనూ తిరిగొస్తాడు. మేం వెళ్ళబోయే పాపువా కొండల్లో సువార్త చెప్పాలంటే ముందు అక్కడి నీళ్ళు మోయడం రావాలట.

ఇక్కడ ప్రతి జంటకీ ఒక పల్లె అమ్మ ఉంటుంది. మా అమ్మ పేరు బ్యూలా. ఆ కొండల్లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి వచ్చిన ముసలావిడ. అక్కడి భాష తప్ప మాతో ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడదు. అర్థం కాకపోతే మా తిప్పలు మావి. చూసి నేర్చుకోవాలి, తప్పు చేసి తిట్లు తినాలి, ఆ తిట్లలోంచే భాష ఏరుకోవాలి. ఇంగ్లీషులో ఉత్తరాలు రాసుకోవడానికి మాత్రం ఆదివారం సెలవిచ్చారు.

నిన్న బ్యూలా అమ్మ నన్ను గడప మీద కూర్చోబెట్టుకొని తల దువ్వింది. ఎంత హాయిగా ఉందంటే అలాగే నిద్రపోయాను. నా జన్మలో ఇంత హాయిగా ఎవరూ దువ్వలేదు.

ఇట్లు,
నీ ట్వైలా

తా.క. మొదట్లో ఆవిడను 'అమ్మా' అని పిలవడానికి నోరు రాలేదు. ఇప్పుడు అలవాటైపోయింది.

*

కాన్సస్,
సెప్టెంబరు.

చిరంజీవి ట్వైలాకు, అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. మీరిద్దరూ క్షేమమని తెలిసి సంతోషించాను. రాయిస్‌కు మోకాళ్ళ దాకా వచ్చే బూట్లు పంపుతున్నాను.

'నా జన్మలో ఇంత హాయిగా ఎవరూ దువ్వలేదు' అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివాను. కళ్ళజోడు తుడుచుకొని మరొకసారి చదివాను. మీ అమ్మ పోయిన నాటి నుంచి నీ పెళ్ళి దాకా ఆ తలను దువ్విన చేతులు ఎవరివో నీకు గుర్తు ఉండకపోవచ్చు. దువ్వెన కనబడగానే నువ్వు బల్ల కింద దూరేదానివి. నేను మోకాళ్ళ మీద వంగి, నిన్ను కాలు పట్టి బయటకు లాగి, జడ వేసి, తరువాత వెళ్ళి నలభై మంది పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పేదాన్ని. ఇదేదో చేసిన మేలు ఎత్తిపొడవడమని అనుకోవద్దు. జ్ఞాపకం వచ్చింది, వ్రాశాను.

నేను అసూయపడుతున్నానని రాయిస్ అంటాడేమో. కళాశాలలో చదువుకున్న స్త్రీ అసూయపడదు. గమనిస్తుంది.

మీ కోసం ప్రార్థించమని మీ ఇద్దరి ఫొటోతో అచ్చువేసిన కార్డు మన ఫ్రిజ్ మీద నా కళ్ళకు సరిగ్గా ఎదురుగా ఉన్నది. మన చర్చి సంఘంలో ప్రతి ఇంటి ఫ్రిజ్ మీదా ఉన్నది. పక్కింటి ఆర్విల్ మాత్రం ట్రాక్టరు కొట్టువాళ్ళ క్యాలెండరు కింద పెట్టాడు. వెళ్ళి పైకి మార్చి వచ్చాను.

ఇట్లు,
నిన్ను పెంచిన అమ్మమ్మ,
అగాథా వీబ్

తా.క. ఆ బ్యూలా గారి జుట్టు సొంతమేనా? ఊరికే అడిగాను.

*

శిక్షణ శిబిరం,
అక్టోబరు, ఆదివారం.

ప్రియమైన అమ్మమ్మకు,

నీ ఉత్తరం చదివి రాయిస్, "మీ అమ్మమ్మ బాణాలకు పూలు కట్టి వదులుతుంది" అన్నాడు. బూట్లు సరిపోయాయి. ఇప్పుడు నీళ్ళు వాటిలోనే నిలుస్తున్నాయి.

అసూయ అన్న మాట మేం అనలేదు, నువ్వే అన్నావు. నువ్వు దువ్వినప్పుడు నేను ఏడ్చింది బడి బస్సు తొందర వల్ల. బ్యూలా అమ్మకు ఏ బస్సూ ఎక్కే పని లేదు. ఆవిడ జుట్టు సొంతమే. నడుము దాటి ఉంటుంది.

నాకు కూడా ఇక్కడ మనసు రగిలే సంగతులు లేకపోలేదు. గుంటలో కాల్చిన చిలగడదుంపలు నేను తెల్లవారకముందు లేచి వండితే, ఆవిడ ఒక ముక్క కొరికి పెదవి విరుస్తుంది. రాయిస్ అవే దుంపలు మాడ్చి తెస్తే వాడి చెంప నిమురుతుంది. వాడు రోజంతా ఆ చెంప నాకు చూపించుకుంటూ తిరుగుతాడు.

డిసెంబరులో మమ్మల్ని సాగనంపే ఆరాధన. మేం మోకాళ్ళూనితే మా పల్లె అమ్మ తలల మీద చేతులుంచి ప్రార్థిస్తుంది. ఆ తరువాతే మాకు విదేశం. అది ఇక్కడి ఆచారం. బంధువులకు మూడో వరుస నుంచి కుర్చీలు వేస్తారు. నీకు మంచి చోటు చూసి పెడతాను.

ఇట్లు,
నీ ట్వైలా

తా.క. చివరి నెల మమ్మల్ని కొత్త అమ్మ దగ్గరికి, కొత్త భాషలోకి మారుస్తారట. అలవాటైన అమ్మ దగ్గర ఎవరైనా బాగుంటారు, కొత్త అమ్మ దగ్గర ఎలా ఉంటారో చూడాలంటారు డైరెక్టరు గారు. మేం ఆవిడకు నచ్చకపోతే ఇంకో ఏడాది శిక్షణ. మా ఎవ్వరికీ రాని భాష మాట్లాడుతూ, ఏడుపుకు కరగని ముసలావిడ కోసం ఆయన ఊళ్ళన్నీ వెతుకుతున్నారు. అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతుంది చెప్పు.

*

కాన్సస్,
అక్టోబరు.

చిరంజీవి ట్వైలాకు,

మూడో వరుసలో నాకు చోటు చూస్తున్నందుకు కృతజ్ఞురాలిని. జీవితమంతా తరగతి ముందు నిలబడినదాన్ని. ఒకరి వీపు చూస్తూ కూర్చోవడం నాకు కొత్త. ఏ వయసులోనైనా కొత్తవి నేర్చుకోవాలంటారు.

నేను ఒంటరినని నువ్వు బెంగపడవద్దు. జానెల్ అనే అమ్మాయి వస్తున్నది. మర్యాద తెలిసిన పిల్ల. కిటికీ పక్కన నీ కుర్చీలో కూర్చుంటుంది. ఆమెకు జున్ను కుడుములు చేయడం నేర్పాను. ఒకసారి చూపగానే పట్టుకున్నది. ఆమె జుట్టు కూడా బాగా ఒత్తు. దువ్వెన కనబడితే బల్ల కింద దూరదు.

నేను కొంతకాలం ఊళ్ళో ఉండను. ఎక్కడికని అడగవద్దు. నేను ఎవరినీ అడిగి కారు తీసే మనిషిని కానని నీకు తెలుసు. ఉత్తరాలు ఇంటికే వ్రాయి. ఆర్విల్ అందజేస్తాడు.

ఇట్లు,
అగాథా వీబ్
(నీ అమ్మమ్మ. ఇప్పుడు నీకు ఇందరు తల్లులున్నారు కనుక వివరంగా వ్రాయవలసి వస్తున్నది.)

తా.క. పిల్లిని ఆర్విల్‌కు అప్పగించాను. తీసుకుపోవడానికి గడ్డం గీసుకొని, చర్చికి వేసుకునే కోటుతో వచ్చాడు. కారణం తెలియదు.

*

శిక్షణ శిబిరం,
నవంబరు, ఆదివారం.

అమ్మమ్మా,

కుడుములా. ఎవరో జానెల్‌కు కుడుములా.

పెళ్ళయ్యేదాకా నీ ఇంట్లో ఉన్నాను. ఒక్కనాడైనా పిండి మీద చెయ్యి వెయ్యనిచ్చావా? "నువ్వు అవతలికి పో, పిండి బిగుసుకుంటుంది" అనేదానివి. నీ స్నేహితురాళ్ళు వచ్చినా అంతే. మన పెద్దలు రష్యా నుంచి మూటగట్టుకొచ్చిన ఆ పాత జర్మన్ భాషలోకి దూకి, నాకు తెలియకుండా నవ్వుకునేవారు. ఆ భాషలో నాకు వచ్చింది కోళ్ళను తిట్టే మాటలొక్కటే. వంటా నేర్పలేదు, భాషా నేర్పలేదు, ఇప్పుడు ఆ జానెల్‌కు నా కుర్చీ కూడా ఇచ్చావు. ఆ కుర్చీకి ఎడమ కాలు ఊగుతుంది. ఆ సంగతి ఆమెకు చెప్పకు.

రాయిస్ "నీకు కుళ్ళు" అన్నాడు. నేను గమనిస్తున్నానని చెప్పాను.

ఆర్విల్ గడ్డం ఎందుకు గీసుకున్నాడో మా ఇద్దరికీ తెలిసిపోయింది. డెబ్బై దాటాక పెళ్ళి చేసుకోవడం నేరం కాదు అమ్మమ్మా. నాకు చెప్పకుండా చేసుకోవడం నేరం. ఎక్కడికి వెళ్ళారు మీరిద్దరూ?

రేపు కొత్త గుడిసెకు మారుతున్నాం. కొత్త అమ్మ వచ్చేసిందట. బ్యూలా అమ్మ వెళ్ళి చూసొచ్చి, మా ఇద్దరి నెత్తినా చెయ్యి పెట్టి నిట్టూర్చింది.

ఇట్లు,
నువ్వు పెంచిన ట్వైలా

తా.క. జానెల్ జుట్టు సొంతమేనా?

*

కొత్త గుడిసె,
నవంబరు, ఆదివారం.

ప్రియమైన అమ్మమ్మకు,

ఈ ఉత్తరం కాన్సస్ చిరునామాకే రాస్తున్నాను. ఆ ఇంట్లో ఎవరూ లేరని తెలిసే రాస్తున్నాను. ఎందుకంటే ఆ ఇంటావిడ ఇప్పుడు నా కిటికీ ఎదురుగా నిలబడి కోళ్ళను పాత జర్మన్‌లో తిడుతోంది.

పల్లె అమ్మతో ఇంగ్లీషు నిషేధం. ఇంటికి ఉత్తరం మాత్రం రాయవచ్చు. కాబట్టి వాకిట్లో ఉన్న నీతో మాట్లాడాలంటే కాన్సస్ మీదుగా మాట్లాడాలి.

సోమవారం నువ్వు గుడిసెలోంచి బయటకు వచ్చినప్పుడు రాయిస్ చేతిలోని రెండు బకెట్లూ జారవిడిచాడు. నేను పరుగెత్తుకొచ్చాను. నువ్వు నన్ను ఎగాదిగా చూశావు, గేదెల సంతలో చూసినట్టు. పలకరించాలి కదా అని నీ భాషలో నాకు వచ్చిన ఒకే ఒక్క మాట అన్నాను. అంటే, పూలమొక్కల మీంచి దిగి అవతలికి పొమ్మన్నాను. నువ్వు ముఖంలో ఒక్క గీత కదలకుండా తలుపు వేసుకున్నావు. తలుపు వెనక నవ్వు వినిపించింది. బుకాయించకు.

ఇక కుడుములు. నీ చేతులు చూస్తూ చేశాను. మొదటిసారివి విడిపోయాయి, కోళ్ళకు వేశావు. మరునాడు గట్టిపడ్డాయి, కోళ్ళు కూడా ముట్టలేదు. గురువారం ఏడ్చాను. ఏడుపుకు కరగని మనిషి కావాలని డైరెక్టరు గారు వెతికితే దొరికింది మరి. నువ్వు నా చేతిలోంచి పిండి లాక్కొని, తిరిగి నా చేతిలోనే పెట్టి, నీ చేతులు నా చేతుల మీద వేసి ఒత్తావు. అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ నేను బిగించి పట్టుకుంటున్నాను. వదులుగా పట్టుకోవాలి.

శనివారం నాటి కుడుము ఒకటి నువ్వు తిన్నావు. రెండోది తీసుకున్నావు.

ఒక్కటే అడుగుతాను. మేం పాసవ్వాలని వచ్చావా, తప్పాలని వచ్చావా? తప్పితే మేం ఇంకో ఏడాది ఎక్కడికీ పోం. నువ్వు అలా అనవని రాయిస్ అంటున్నాడు. నిన్ను ఎరిగినదాన్ని నేను.

ఇట్లు,
నీ ట్వైలా

తా.క. ఆర్విల్ సంగతిలో నన్ను క్షమించు. పాపం, ఆ కోటు ఇస్త్రీ కూడా చేయించి ఉంటాడు.

*

కొత్త గుడిసె వాకిలి,
మిస్సోరి,
డిసెంబరు.

చిరంజీవి ట్వైలాకు, అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం వాకిలి దాటడానికి రెండు రాష్ట్రాలు తిరిగి వచ్చింది. ఆర్విల్ కవరు మార్చి పంపాడు. లోపల పిల్లి క్షేమ సమాచారం కూడా వ్రాశాడు, అడగకపోయినా.

నేను ఎవరినీ మోసం చేయలేదు. నా పుట్టింటి పేరుతో దరఖాస్తు పంపాను. అది నా పేరే. కారు ఉన్నదా, పళ్ళు ఉన్నాయా, ఓర్పు ఉన్నదా అని అడిగారు. కారూ పళ్ళూ ఉన్నాయని వ్రాశాను. మనవరాలు ఉన్నదా అని ఎవరూ అడగలేదు. మొదటి రోజు రాయిస్ బకెట్లు జారవిడిచిన తీరు చూసి డైరెక్టరు గారికి అనుమానం వచ్చి, వారం తరువాత ఆరా తీసి నన్ను పంపివేయబోయారు. అప్పుడు ఆ బ్యూలా అడ్డుపడి, "ఉండనివ్వండి, పరాయి పిల్లనైతే ఈవిడ ఇంతగా కాల్చుకు తినదు" అన్నది. ఆమె పరిశీలనాశక్తి గల మనిషి. ఆ జుట్టు సొంతమే. అడగకుండానే విప్పి చూపించింది. అంత అవసరం లేదు.

మీరు తప్పాలని వచ్చానా అన్నావు. పాసవ్వాలని రాలేదు. ఆ మూడో వరుసలో కూర్చోవడం ఇష్టం లేక వచ్చాను.

నిన్న డైరెక్టరు గారు బ్యూలాను పక్కన కూర్చోబెట్టుకొని నన్ను ఒకటే అడిగారు. "వీళ్ళు ఇంకొక అమ్మ దగ్గర బతకగలరా?"

బతకలేరు అన్న మాట నా నాలుక చివర దాకా వచ్చిన మాట నిజం. ఆ ఒక్క మాటతో నువ్వు నాకు ఒక పగటి కారు ప్రయాణం దూరంలో నిలిచిపోయేదానివి. అప్పుడు బయట నువ్వు నా కోళ్ళను నా భాషలో తిడుతున్నావు. ఉచ్చారణ చక్కగా ఉన్నది.

"బతకగలరు. అది నాకు ఇష్టం లేదు. రెండూ వ్రాసుకోండి" అన్నాను.

బ్యూలా కూడా అదే మాట అన్నది. రెండో భాగంతో సహా.

ఆదివారం ఆరాధనలో రాయిస్ తల మీద బ్యూలా చేతులుంచుతుంది. వాడిని ఆమెకు వదిలేశాను. నీ తల నాది. జడ వేసుకురావద్దు. దువ్వెన తెస్తున్నాను. బల్లలేవీ లేని చోట చూసి దువ్వుతాను.

ఇక ఒక పని. ఆ కొండల్లో నీకు దొరకబోయే తల్లికి, ఆమె భాష నీకు వచ్చిన నాడు, నా మాటగా చెప్పు. ఈ పిల్లకు చిక్కు తీసేటప్పుడు కొసల నుంచి మొదలుపెట్టాలి, కుదుళ్ళ నుంచి కాదు. ఏడుస్తుంది. దువ్వడం ఆపవద్దు. 'ఇంత హాయిగా ఎవరూ దువ్వలేదు' అని తనతో అంటే నమ్మవద్దు. ఇంతకుముందు ఇద్దరితో అన్నదని చెప్పు.

'నీతో ఎప్పుడన్నాను' అంటావు. మొన్న గురువారం గడప మీద దువ్వుతుంటే నా ఒడిలో నిద్రపోతూ అన్నావు. ఇంగ్లీషులో అన్నావు. నిబంధన ప్రకారం నాకు అర్థం కాలేదు.

ఇట్లు,
నీ అమ్మమ్మ

తా.క. జానెల్ కరెంటు మీటరు చూడడానికి వచ్చిన పిల్ల. ఒక్కసారి వచ్చింది. మంచినీళ్ళు తాగి, నీ కుర్చీ ఊగితే లేచి నిలబడింది.

మరొక మాట. వసంతకాలానికి కూడా నన్ను ఉండమన్నారు. ఓహాయో నుంచి ఒక జంట వచ్చి నిన్న గుడిసె చూసి వెళ్ళింది. ఆ అమ్మాయి నన్ను అప్పుడే 'అమ్మా' అన్నది. నేను వారించలేదు. జుట్టు ఒత్తుగా ఉన్నది. నువ్వు గమనిస్తావని వ్రాశాను.